రగ్గు కింద గోదావరి

నవ్వకుండా వింటారంటేనే చెబుతాను. ఎలాగూ మాణిక్యాంబగారు మీ అందరి ఇళ్ళకీ వచ్చి చెప్పే ఉంటారు. ఆవిడ చెప్పినదాంట్లో దెయ్యం ఒక్కటే అబద్ధం, మిగతాదంతా నిజం.

ముందు మా ఆవిడ సంగతి చెప్పాలి. దేవిశ్రీ హైస్కూల్లో లెక్కల టీచరు. ఏటా పదో తరగతి పరీక్షలకి ఇన్విజిలేటరు. ఆవిడ ఉన్న గదిలో పిల్లలు ముక్కు తుడుచుకోవడానికి జేబురుమాలు తీయాలన్నా భయపడతారట. అలాంటి మనిషికి వేసవి సెలవులిచ్చి ఇంట్లో కూర్చోబెడితే కాపలా కాయడానికి నేనొక్కణ్ణే మిగులుతాను. పప్పుచారులో ఉప్పెక్కువైందని నేను అనకపోయినా అనుమానమే.

"ఏంటండీ, ఇవాళ ఏమీ అనలేదు? ఏం చేసొచ్చారు?" అంటుంది.

నేను రొయ్యల మేత కంపెనీలో పని చేస్తాను. అందుకే నరసాపురంలో నన్ను మేతల చంద్రం అంటారు. చంద్రరావు అనే పేరు ఆధార్ కార్డుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పొద్దున్న చెరువుల మీద తిరిగి, మధ్యాహ్నం ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో రిపోర్టులు కొడతాను. ఆ లాప్‌టాప్ మా పెళ్ళినాటిది. మూడు మీటలు ఊడిపోయాయి. మూత వాలిపోకుండా వెనక ఇత్తడి చెంబు పెట్టుకుంటాను.

కొత్తది కొందామని నేను అన్నప్పుడల్లా ఒకటే పాట.

"ఇది పనిచేస్తోందా?"

"పనిచేస్తోంది గానీ..."

"గానీ తరవాత చెబుదురుగాని. పనిచేస్తోందిగా?"

అక్కడితో పేపరు లాగేసుకుంటుంది.

నా బాధ వేరు. భీమవరంలో మా మేనేజరు బల్ల మీద ఒక లాప్‌టాప్ చూశాను. ప్రతి మీట కిందా రంగు లైట్లు! ఎర్రగా మొదలై, పచ్చగా మారి, నీలంగా పారుతున్నాయి. ఆయన అందులో చేసేదీ నాలాగే మేత బస్తాల లెక్కే అనుకోండి. అయినా అప్పట్నుంచి నాకు అన్నం సయించలేదు.

ఇలా ఉండగా రాజమండ్రి నుంచి మా బావమరిది ఉదయభాస్కర్ ఫోన్ చేశాడు. ఉద్యోగం మానేసి రెండేళ్ళుగా ఒక ఆట తయారుచేస్తున్నాడు వాడు. పేరు 'దీపాల రేవు'. డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు, బ్రౌజర్లో లింకు నొక్కితే వచ్చేస్తుంది. కార్తీక పౌర్ణమి, గోదావరి నిండా అరటి దొప్పల్లో దీపాలు. వాటి మధ్యనుంచి ఒక్కటి కూడా ఆరిపోకుండా పడవని అవతలి రేవుకి చేర్చాలి. ప్రతి దీపం వెలుగూ నీళ్ళలో దేని దారిన అది వణుకుతుంది. పడవ నీడ అలల మీద సాగుతుంది. నిజంగా చూడముచ్చటే.

"ఆ వెలుగులతోనే తంటా బావగారూ," అన్నాడు. "దీపం దీపానికీ కంప్యూటరు లెక్క కట్టుకోవాలండి. కొత్త మిషన్ల మీద బాగానే ఉంది. పాతవాటి మీద ఎలా ఉంటుందో చూడాలి. మీ దానికంటే పాతది నాకెక్కడా దొరకలేదండి. తెర మీద మూల ఒక అంకె కనిపిస్తుంది. అరవై దగ్గరుంటే ఆట సాఫీగా సాగుతున్నట్టు. ఇరవై కిందకి దిగితే మూలుగుతున్నట్టు. దాన్ని ఫొటో తీసి పంపండి చాలు. వచ్చే వారం విశాఖలో పెట్టుబడి పెట్టేవాళ్ళకి చూపించాలి. మామూలు జనాల దగ్గరుండే మిషన్ల మీద ఆడకపోతే వాళ్ళు పైసా పెట్టరండి."

"మరీ మొరాయిస్తేనో?" అన్నాను, ఊరికే.

"తప్పు నా ఆటదో మీ మిషన్‌దో తేలాలిగా. అప్పుడు మీకో కొత్తది నేనే పంపాల్సి వస్తుందండి."

వాడు తేలిగ్గానే అన్నాడు. నాకు మాత్రం కళ్ళముందు ఎర్రగా, పచ్చగా, నీలంగా పారింది.

ఆ మధ్యాహ్నమే లింకు నొక్కాను. నా ఖర్మ కొద్దీ అంకె యాభై ఎనిమిది చూపించింది. రిపోర్టు తెరవమంటే పావుగంట ఆలోచించే ముసలి పీనుగ, దీపాలు చూడగానే పేరంటానికెళ్ళే పిల్లలా గెంతుతోంది.

ఊరుకుంటానా? లాప్‌టాప్‌ని మంచం మీద పెట్టి పనిచేస్తే వేడెక్కిపోయి నత్తనడక నడుస్తుందని నాకు అనుభవమే. అటక మీంచి, కలరా ఉండలు వేసి దాచిన చలికాలం రగ్గు దింపాను. దాన్ని లాప్‌టాప్ చుట్టూ చంటిపిల్లకి చుట్టినట్టు చుట్టి, ఇంకో పది బ్రౌజర్ కిటికీల్లో పాత క్రికెట్ మ్యాచ్‌లు పెట్టి, పైన దీపాల రేవు తెరిచాను. కాసేపటికి అంకె పద్నాలుగు. చటుక్కున ఫొటో తీసి పంపించాను.

"అయ్యో!" అన్నాడు ఉదయ్. "సగం దీపాలు తీసేస్తానండి."

"దీపాలెందుకు తీయడం? మిషనే పంపించి చూడచ్చుగా?"

"మీలాంటి మిషన్లు ఊరినిండా ఉంటాయి కదండీ. వాళ్ళందరికీ కొత్తవి పంపగలనా? ఆటనే తేలిక చెయ్యాలి."

ఇదెక్కడి గోల! నేను రోగం చూపిస్తుంటే వాడు మందు మారుస్తున్నాడు గానీ మంచం మార్చడే. మర్నాడు సగం దీపాలతో వచ్చింది. రగ్గు రెండు మడతలు చేశాను. పదమూడు. నీళ్ళలో మెరుపు తీసేశాడు. పన్నెండు. పడవ నీడ తీసేశాడు. నేను తగ్గలేదు. ఆఖరికి పౌర్ణమి నాడు చందమామని కూడా తీసేశాడు. పడవ ముక్కు మీద ఒక్క దీపం మిగిలింది.

మా ఆవిడ కాఫీ తెచ్చి తెరవైపు చూసింది. రగ్గుని అప్పుడే మంచం కిందకి తోశాను లెండి.

"ఏంటండీ, గోదారికి కరెంటు పోయిందా?"

"వెలుగులు తగ్గిస్తున్నాడు మీ తమ్ముడు. మన మిషను ఆగట్లేదు."

"రెండేళ్ళు ఆ దీపాలే కదండీ వాడి ప్రాణం?" అంది మెల్లిగా.

అబద్ధమెందుకు? ఒక్క క్షణం నిజం చెప్పేద్దామా అనుకున్నాను. ఈలోగా ఆవిడ ముక్కు ఎగబీల్చింది.

"లాప్‌టాప్‌కి కలరా ఉండల వాసనేంటి?"

"పాతబడింది కదా."

"పాతబడితే కలరా ఉండల వాసన వస్తుందా? మరి మీ దగ్గర రావట్లేదే?"

"నేనంత పాతా?"

"ఒకే ఏడాది ఇంటికొచ్చారుగా ఇద్దరూ."

అనేసి వెళ్ళిపోయింది. ఆవిడ ప్రశ్న మధ్యలో వదిలేసి వెళ్ళిందంటే జవాబు దొరికిందన్నమాట. అది నాకు అప్పుడు తట్టలేదు.

ఇంకోవైపు మాణిక్యాంబగారు. పక్కిల్లే. వీధిలో ఎవరింట్లో కుక్కరు ఎన్ని కూతలేసిందో ఆవిడకి తెలుస్తుంది. వెలుగులు సరిగ్గా కనబడాలని నేను పట్టపగలు కిటికీలు మూసి, తలుపు గడియ వేసుకుని ఫోన్లో మాట్లాడుతుంటే ఆవిడ గోడవతల గోరింటాకు కోస్తూ అంతా విన్నారు.

"దేవీ, మీ ఆయన చీకట్లో కూర్చుని దీపాలార్పేశావా, నీడ తీసేశావా, చందమామని తీసేశావా అంటున్నారేంటే? గుప్తనిధుల వాళ్ళతోగానీ తిరగట్లేదు కదా?" అన్నారు మర్నాడు మా వంటింట్లో.

"నాకూ అనుమానంగానే ఉందండి పిన్నిగారూ," అంది మా ఆవిడ.

"భయపడకు. కోరుకొండ నరసింహస్వామి కుంకుమ ఉంది నా దగ్గర. తెచ్చి ఆ గది నాలుగు మూలలా చల్లుతాను."

ఇదంతా నాకు తరవాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా, మర్నాడు పొద్దున్న నా కంచంలో పెసరట్టు ఉప్మా పడింది, జీడిపప్పులతో, నెయ్యి కారుతూ. మా ఇంట్లో ఉప్మాలో జీడిపప్పు కనిపించాలంటే చుట్టమైనా రావాలి, పండగైనా రావాలి. ఇప్పుడు అనుమానపడే వంతు నాదైంది.

"ఏంటి విశేషం?"

"మా తమ్ముడి కోసం కష్టపడుతున్నారు కదండీ. ఇంకోటి వేయనా?"

గొంతు మెత్తగా ఉంది. పరీక్ష హాల్లో వెనక బెంచీ వైపు నడిచేటప్పుడు ఆవిడ అడుగు ఎంత మెత్తగా ఉంటుందో నాకు చెప్పినవాళ్ళున్నారు. అయినా రెండో పెసరట్టు తిన్నాను.

భోజనాలయ్యాక ఉదయ్ ఫోను. "బావగారూ, ఇదే ఆఖరి పరీక్షండి. నేను లైన్లో ఉంటాను, మీరు ఆడుతూ అంకె చెబుతూ ఉండండి. ఈసారి కూడా రాకపోతే కొత్త మిషనే గతి."

నా ఆనందం చూడాలి! గదిలోకి పరిగెత్తి తలుపు వేసి చూస్తే గడియ లేదు.

"బిగుసుకుపోతోందని విప్పానండీ. నూనె రాసి సాయంత్రం పెడతాను," అంది వంటింట్లోంచి.

ఎవరైనా లోపలికి వస్తే రగ్గు చుట్టిన లాప్‌టాప్ కనబడిపోతుంది. అందుకని లుంగీ ఎగ్గట్టి, బనీనుతో నేనే లాప్‌టాప్‌తో సహా రగ్గు కింద దూరాను. మే నెల, మధ్యాహ్నం, నరసాపురం. ఆపైన ఊహించుకోండి.

"ఎక్కడ పెట్టి ఆడుతున్నారండి?" అన్నాడు ఉదయ్ ఫోన్లో.

"బల్ల మీదే."

"ఫ్యాను తిరుగుతోందాండి?"

"సరిగ్గా నెత్తి మీద. చలేస్తోంది కూడా." కళ్ళలోకి చెమట కారి అంకె కనబడట్లేదు.

"అంకె ఎంతండి?"

"తొమ్మిది. లాభం లేదు ఉదయా, ఉన్న ఒక్క దీపమూ ఆర్పెయ్! పాపం, దీనికి ఊపిరాడట్లేదు! ప్రాణం పోయేలా ఉంది!"

సరిగ్గా ఆ మాటకే కుంకుమ పొట్లంతో మాణిక్యాంబగారు గదిలో అడుగుపెట్టారు. ఆవిడకి కనిపించింది ఇదీ: చీకటి గది, మంచం మీద లోపల్నుంచి వెలుగుతున్న రగ్గు, అది పైకీ కిందకీ ఎగురుతూ ఊపిరాడట్లేదంటోంది.

"నారసింహా!" అని ఒక్క కేక. పొట్లం పొట్లమంతా వచ్చి రగ్గు మీద పడింది. నేను దడుసుకుని రగ్గుతోపాటే లేచి నిలబడ్డాను. తల లేని ఆకారం లేచి పొట్టలో దీపం పెట్టుకుని తన మీదకి వచ్చిందని ఆవిడ ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. గుమ్మం తగిలి, బిందె తగిలి, వాకిట్లోకి పడ్డారు. వీధి వీధంతా మా ఇంట్లో ఉంది.

లాప్‌టాప్ కుయ్యిమని ఆరిపోయింది. ఎవరో రగ్గు లాగేశారు. ఎదురుగా మా ఆవిడ. చేతిలో తన ఫోను నా వైపే పట్టుకుని ఉంది. ఆ ఫోన్లో వీడియోలో, ఇంకో ఫోను చెవిన పెట్టుకుని ఉదయభాస్కర్. నేను రగ్గు కింద దూరింది మొదలు వాడు నన్ను చూస్తూనే ఉన్నాడు.

"ఇప్పటికీ చలేస్తోందాండి బావగారూ?" అన్నాడు.

నా ఒళ్ళంతా కుంకుమ, చెమట. జాతరలో వేషం వేసుకున్నవాడిలా ఉన్నాను.

"నిన్న మీరు చెరువులకెళ్ళినప్పుడు నేనే ఆడాను," అంది దేవిశ్రీ. "బల్ల మీద పెట్టి, ఫ్యాను వేసి, దీపాలన్నీ పెట్టించి. హాయిగా ఆడింది. కాపీ కొట్టినవాణ్ణి చీటీతో సహా పట్టుకోవాలి కదా. అందుకే ఇవాళ్టిదాకా ఆగాను."

"విశాఖ రానని వాళ్ళకి చెప్పేద్దామనుకున్నానండి," అన్నాడు ఉదయ్. వాడి గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "ఒక్కో దీపం తీసేస్తుంటే ఏడుపొచ్చింది. రెండేళ్ళూ ఎందుకు చేశానా అనిపించింది."

మాణిక్యాంబగారి కేక కంటే ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. "తప్పయిపోయిందిరా," అన్నాను.

మా ఆవిడ లాప్‌టాప్ మీది కుంకుమ తుడిచింది. చల్లారాక బల్ల మీద పెట్టి, ఫ్యాను వేసి, వెనక ఇత్తడి చెంబు ఆనించి ఆట తెరిచింది. రేవు దగ్గర ఒక దీపం వెలిగింది, దాని పక్కన ఇంకోటి, ఆ వెనక పది, ఆపైన గోదావరంతా. చందమామ తిరిగొచ్చాడు. పడవ నీడ అలల మీద వంగుతూ సాగింది. చూడ్డానికొచ్చిన వీధి జనం గుమ్మంలోంచి లోపలికి తోసుకొచ్చారు. మాణిక్యాంబగారైతే తెరకి దణ్ణం పెట్టారు. మూల అంకె యాభై ఎనిమిది.

ఉదయ్ విశాఖ వెళ్ళాడు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ తరవాతి ఆదివారం మా ఇంటికి పెద్ద డబ్బాతో వచ్చాడు. డబ్బా మీద బొమ్మ చూశాను. మీటల కింద ఎరుపు, పచ్చ, నీలం! నా బావమరిది బంగారం, క్షమించేశాడు అనుకుని రెండు చేతులూ చాచాను.

"ఇది అక్కకండి," అన్నాడు. "మంచి మిషన్ల మీద ఎలా ఆడుతుందో చూసి పెట్టడానికి. అక్క అంకెలు నమ్మచ్చు కదండీ."

"మరి నాకు?"

"మీ పాతది మాత్రం ఎప్పటికీ మార్చకండి బావగారూ. విశాఖలో వాళ్ళకి దాని ఫొటో, వెనక చెంబుతో సహా చూపించాను. దీని మీద ఆడితే ఎక్కడైనా ఆడుతుందని అప్పుడే నమ్మారండి."

ఇంతటితో వదిలేశాడా? ఇప్పుడు ఆటలో వెలుగులు ఎంత ఉండాలో ఎంచుకునే చోటు ఒకటి పెట్టాడు. మొదటిది ఎక్కువ. రెండోది మధ్యస్థం. మూడోది, చందమామ లేకుండా, నీడ లేకుండా, పడవ ముక్కు మీద ఒక్క దీపంతో ఉంటుంది. దాని పేరు 'బావగారు'.

మొన్న తణుకు నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసి, "మా డొక్కు కంప్యూటర్లో బావగారు పెడితే భలేగా ఆడుతోందిరా" అంది. పేరు ఎవరిదో ఆవిడకి తెలియదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం మా ఆవిడా నేనూ ఒకే బల్ల దగ్గర పరీక్షకి కూర్చుంటున్నాం. ఆవిడ మీటల కింద రంగులు పారుతుంటాయి. చెయ్యి అటు పోనిస్తే, "మీ పేపరు మీరు చూసుకోండి," అంటుంది. నేను నా పడవలో, నా ఒక్క దీపంతో, చీకట్లో గోదావరి దాటుతున్నాను. రగ్గు బీరువాలో ఉంది. తాళం ఆవిడ దగ్గరుంది.