వాసన లేని ముగ్గు

ఈ రోజు ఏ పొరపాటూ జరగకూడదని చలపతిరావు బీరంగూడలో బస్సెక్కేటప్పుడే తీర్మానించుకున్నాడు. పొరపాటు మాత్రం అతనికంటే ముందు బస్సులోనే పాశమైలారంలోని కంపెనీకి చేరుకుంది.

ఏడు నెలలుగా అతను కంపెనీ ల్యాబులో ఒక తెల్లపొడి తయారు చేస్తున్నాడు. మనిషి చేసిన బంకమట్టి అనుకోండి. దాని పొరల మధ్య వెల్లుల్లి నూనె, మిరప ఘాటు, కుళ్లిన గుడ్డును తలదన్నే మరొకటి దాగి ఉంటాయి. పొడిగా ఉంటే వాసనే రాదు. తడి తగిలితే కొంచెం కొంచెంగా ముప్పై రోజులు వదులుతుంది. చేను చుట్టూ చల్లితే కోతులు రావని అతని నమ్మకం.

ఓనరు మురళీమోహన్‌కు ఆ నమ్మకం లేదు. "వాసనే లేదు కదయ్యా! కోతి నవ్విపోతుంది," అనేవాడు. కంపెనీ గోడ మీది కోతులు రోజూ టిఫిన్ డబ్బాలు ఎత్తుకుపోతున్నా చెంచాడు పొడి బయట చల్లనివ్వలేదు. పదకొండింటికి పురుగుమందుల వ్యాపారి కామరాజు చూడటానికి వస్తున్నాడు. ఆయనకు నచ్చకపోతే ల్యాబు గోడౌన్ అవుతుంది, చలపతిరావు బస్తాలు కుట్టుకోవాలి.

అతను ఉన్న పొడంతా బకెట్లో పోసి, తడి తగలరాదని ఇంగ్లీషులో చీటీ అంటించి, కిటికీ పక్కన పెట్టాడు. ఊడ్చే సత్తెమ్మతో, "పెద్దమనుషులొస్తున్నారు సత్తెమ్మా, గేటు ముందు కళకళలాడాలి," అని చెప్పి జిరాక్సులకు వెళ్లాడు.

సత్తెమ్మకు పని చెబితే తిరుగుండదు. గేటు ముందు నీళ్లు చల్లింది. ముగ్గుడబ్బా చూస్తే ఖాళీ. కిటికీ పక్కన బకెట్ నిండా మెత్తటి పిండి. చెప్పిన సారే పిండి కూడా తెచ్చిపెట్టాడని మురిసిపోయి, వాకిలి పట్టనంత చుక్కల ముగ్గు వేసింది.

పది గంటలకు మురళీమోహన్ కారు దిగి ముక్కు మూసుకున్నాడు. నేరుగా క్యాంటీన్‌కు వెళ్లి వంట చేసే ఆగమ్మ మీద పడ్డాడు. "పప్పు మాడబెట్టావా?"

"ఇంక పొయ్యే ముట్టియ్యలే సారూ! ఎల్లిగడ్డ పొట్టు గూడ తియ్యలే. నా మీద వడ్తవేంది?"

అయితే డ్రైనేజీ పొంగిందని తేల్చి, ఆయన ట్యాంకర్ పిలిపించి గేటు కడిగించాడు. కడిగినకొద్దీ వాసన పెరిగింది. పెరిగేసరికి రెండో ట్యాంకర్ పిలిపించాడు. పక్క కంపెనీవాళ్లు కిటికీలు మూసుకున్నారు.

లోపల, ఏడు నెలలుగా ఆ వాసనకు ముక్కు అలవాటుపడిన చలపతిరావు బకెట్ కోసం బల్లల కింద పాకుతున్నాడు. ఓనరు ఫోన్ చేసి "శాంపిల్ రెడీయా?" అంటే, "ఆరబెట్టాను సార్," అనేశాడు. చివరికి సత్తెమ్మను పట్టుకున్నాడు. "ఇక్కడి బకెట్ ఏమైంది?"

"ముగ్గేసిన గద సారూ. మస్తు పిండి! గన్ని నీళ్లు గొట్టినా గింతంత గూడ చెరగలే."

చలపతిరావు "నీళ్లాపండి!" అని అరుస్తూ గేటు దగ్గరికి పరుగెత్తేసరికి కామరాజు కారు ఆగి ఉంది.

"డ్రైనేజీ సార్, ఇప్పుడే బాగు చేయిస్తాం," అంటూ మురళీమోహన్ చేతులు జోడించాడు.

కామరాజు ముక్కుకు రుమాలు కట్టుకుని గోడకేసి చూస్తున్నాడు. గోడ ఖాళీగా ఉంది. "టర్నింగ్ దగ్గర నా కారు మీదికి రెండు కోతులెక్కాయండీ. హారన్ కొట్టినా దిగలేదు. మీ గేటు దగ్గరికి రాగానే దూకి పారిపోయాయి. ఏం పెట్టారిక్కడ?"

"ముగ్గు," అంది సత్తెమ్మ.

మురళీమోహన్ ఒక్క క్షణం ముగ్గు వంక, ఒక్క క్షణం చలపతిరావు వంక చూసి, అతని భుజం మీద చెయ్యేశాడు. "మా చలపతిరావుగారిది, సార్. ఏడు నెలల కష్టం. చెప్పడం దేనికి, చూపిద్దామనే ఇలా ఏర్పాటు చేశాం!"

కామరాజు అక్కడికక్కడే పది టన్నులు అడిగాడు. చలపతిరావు కళ్లు చెమర్చాయి. సగం సంతోషం, సగం మిరప ఘాటు.

కారు కదలగానే మురళీమోహన్ మూలిగాడు. "ఇక ఈ వాసన పోగొట్టవయ్యా."

"పోదు సార్," అన్నాడు చలపతిరావు తలెత్తి. "ముప్పై రోజులు. గ్యారంటీ."

ముప్పై ఒకటో రోజు పొద్దున గోడ మీద మొదటి కోతి కనబడగానే సత్తెమ్మ నెల తర్వాత హాయిగా గాలి పీల్చుకుని, తన టిఫిన్ డబ్బా తెరిచి జొన్నరొట్టె దాని చేతికిచ్చింది.