పాత చేపల తొట్టికి యోగ్యతాపత్రం

మనిషి నీటిని నిలవ చేయడం నేర్చుకున్న రోజునే, అది కారుతోందా లేదా అని చూసే ఉద్యోగం కూడా పుట్టింది. ఆ తర్వాత నీళ్లు ఎన్నోసార్లు ఎండిపోయాయి. ఉద్యోగం ఒక్కసారీ ఎండిపోలేదు.

ఈ సత్యం అద్దాల మేస్త్రీకి అరవై ఏడో ఏట తెలిసింది. అంతకుముందు ఆయనకు అద్దాలు మాత్రమే తెలుసు. నలభై రెండేళ్లు కిటికీలకూ, దుకాణాలకూ, ఆస్పత్రి తలుపులకూ అద్దాలు కోసి బిగించాడు. పగులున్న అద్దాన్ని బాగున్న అద్దమని ఎవరికీ అంటగట్టలేదు. (అందుకే ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉన్నాడు.)

ఒక ఆదివారం పొద్దున వాళ్లింట్లో పదకొండేళ్లుగా ఉన్న చేపల తొట్టి మూలన అతుకు విడిచి, గదంతా నీళ్లు చేసి, తన సేవ ముగించింది. అందులో ఉన్నది ఒక్కటే చేప. అరచేతి పొడవు, నారింజ రంగు. మేస్త్రీ భార్య దానికి హెడ్ క్లర్కు అని పేరు పెట్టింది, పైనుంచి ఏదైనా పడితే తప్ప కదలదు కాబట్టి. హెడ్ క్లర్కును తాత్కాలికంగా స్నానాల బకెట్లోకి బదిలీ చేశారు. అందులో దానికి తిరగడానికి చోటు లేదు. మూతి గోడకు తగిలిన చోటే ఆగిపోయి, అదే తన సీటు అనుకునేది.

"పది రోజులు దాటితే వాడు మనకు దక్కడయ్యా," అంది ఆవిడ.

మేస్త్రీ సాయంత్రానికల్లా ఎదుటి వీధిలో ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ల దగ్గర పాత తొట్టి ఒకటి తెచ్చాడు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు. అతుకుల్లో సిలికాన్‌ను గోటితో గీకాడు, ఊడిరాలేదు. లోపల గాలి బుడగలున్నాయేమోనని కన్ను ఆనించి వెతికాడు, లేవు. అంచుల్లో పెచ్చులు లేచాయేమోనని వేలు తిప్పాడు, వేలు తెగలేదు. ముందు అద్దం మందం కొలిచాడు. ఎనిమిది మిల్లీమీటర్లు, ఆ ఎత్తుకు చాలు. బల్ల మట్టం చూసి, అడుగున థర్మకోల్ పలక పరిచి, ఇది మనిద్దరికంటే ఎక్కువ కాలం ఉంటుందని తేల్చాడు. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది.

ఇది చట్టవిరుద్ధమని మర్నాడు తెలిసింది.

ఆ గృహసముదాయంలో నూట అరవై ఇళ్లు, ఒక నిర్వహణ కార్యాలయం, మూడు వందల పద్నాలుగు నియమాలు ఉన్నాయి. (ఇళ్లలో కొన్నింటికి తలుపులు సరిగ్గా పడవు. నియమాలన్నీ సరిగ్గా పడతాయి.) నియమం 88 ప్రకారం, ఒకరు వాడి వదిలేసిన తొట్టిని మరొకరు నింపాలంటే నిర్మాణ యోగ్యతాపత్రం కావాలి. దరఖాస్తు యాప్‌లో పెట్టాలి. యాప్ తొట్టి పుట్టినతేదీ అడిగింది. గతంలో ఎప్పుడైనా కారిందా అని అడిగింది. కారకపోతే ఎందుకు కారలేదో వంద పదాలకు తగ్గకుండా రాయమంది. చివర్లో, అసలు ఈ తొట్టి ఉందో లేదో తేల్చుకోవడానికి, కెమెరా ముందు తొట్టిని రెండుసార్లు కళ్లార్పమంది. మేస్త్రీ తొట్టి వెనక నిలబడి తనే ఆర్పాడు. ఆమోదం వచ్చింది.

మూడో రోజు తేమ పరిశీలకుడు వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో అట్ట, జేబులో మూడు పెన్నులు, మాట మెత్తన. పద్ధతి ఇది: తొట్టి కింద పొడి పేపరు పరచాలి. నిండా నీళ్లు పోయాలి. నలభై ఎనిమిది గంటలు పరిశీలకుడు పేపరు మీద నుంచి కన్ను తిప్పకూడదు. మచ్చ పడకపోతే తొట్టి పాస్. అప్పటిదాకా అందులో జీవి ఏదీ ఉండరాదు. పద్ధతిలో తప్పేమీ లేదు. మేస్త్రీ కూడా అదే చేసేవాడు, కాకపోతే పేపరును దాని మానాన వదిలేసి పడుకునేవాడు.

పరిశీలకుడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చిన మనిషికి టీ ఇవ్వకుండా ఆవిడ ఉండలేకపోయింది. మొదటి రోజు ఆరుసార్లు ఇచ్చింది. చక్కెర ఒకటిన్నర చెంచా అని ఆయనే చెప్పాడు. ముప్పై ఒకటో గంటలో ఆయన సాసరు ఒరిగి, ఒక చుక్క పేపరు మీద పడింది. మేస్త్రీ చూశాడు. ఆవిడ చూసింది. పరిశీలకుడూ చూశాడు. చూసి, గడియారం చూసి, 'మచ్చ: ఒకటి' అని రాసుకున్నాడు.

అది నీ టీయే కదా నాయనా అన్నాడు మేస్త్రీ. పరిశీలకుడి మనసు నొచ్చుకుంది. నియమం 91 ప్రకారం పరిశీలకుడు దరఖాస్తుదారు ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. ముట్టడు కాబట్టి ఆయన టీ తాగలేదు. తాగని టీ ఒలకదు. మరి మచ్చ పడింది కాబట్టి అది తొట్టిలోంచే రావాలి. ఇదంతా ఆయన పదో కప్పు పట్టుకుని వివరించాడు.

మచ్చ ఉన్న ముక్కను కత్తిరించి ప్రయోగశాలకు పంపారు. రెండు రోజులకు నివేదిక వచ్చింది. పోసినది: నీరు. కారినది: టీ, పాలతో, చక్కెర కప్పుకు ఒకటిన్నర చెంచా. కారణం: తొట్టి పాతది కావడం.

మేస్త్రీ నివేదిక పట్టుకుని కార్యాలయానికి వెళ్లాడు. కిటికీ వెనక కూర్చున్నావిడ దాన్ని రెండుసార్లు చదివింది.

"నీళ్లు పోస్తే టీ ఎలా కారుతుందమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"అదే కదా మేస్త్రీగారూ లోపం. నీళ్లు పోస్తే నీళ్లు కారే తొట్టయితే ఏదో సర్దుకుపోదుం. దీన్ని మేం తేలిగ్గా తీసుకోలేం."

"నలభై రెండేళ్లు ఇదే పని చేశాను తల్లీ. ఒక్క అతుకూ వదల్లేదు. కావాలంటే వచ్చి చేత్తో తడిమి చూడండి."

"చేత్తో చూసేదానికి ఫారంలో గడి లేదండీ."

కానీ ఆవిడ మంచి మనిషి. లేచి, బీరువా తెరిచి, ఉన్న ఒక్క దారీ వెతికిపెట్టింది. నియమం 94: ఒకసారి కారిన తొట్టిని, కారిన ద్రవంతోనే తిరిగి పరీక్షించవలెను. (ఈ నియమం రాసినాయనకు పదోన్నతి వచ్చింది. ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరూ చెప్పడం లేదు.)

ఆ విధంగా నూట డెబ్బై లీటర్ల టీ కాచవలసి వచ్చింది.

మేస్త్రీ ఇంటి పొయ్యి దానికి ఏ మూలకూ చాలలేదు. నాలుగు అంతస్తుల్లో పదిహేడు పొయ్యిలు వెలిగాయి. గిన్నెలు మెట్ల మీద చేతులు మారాయి. మేస్త్రీతో మూడేళ్లుగా మాటల్లేని కింది వాటావాళ్లు కూడా రెండు గిన్నెలు కాచి పంపారు, మాట్లాడకుండానే. పక్కింటావిడ కాస్త అల్లం వేస్తానంటే పరిశీలకుడు ఒప్పుకోలేదు. నివేదికలో అల్లం లేదు. చక్కెర మాత్రం దగ్గరుండి తూచి వేయించాడు. తొట్టి అంచుదాకా నిండింది. కిటికీ ఎండ దానిలోంచి పడి గది గోడలన్నీ గోధుమరంగయ్యాయి. జనం వరస కట్టి చూసిపోయారు. పరిశీలకుడు టీ తొట్టి ముందు కూర్చుని పేపరు చూస్తూ టీ తాగాడు. ఈసారి మేస్త్రీ భార్య ఆయనకు మూత బిగించిన సీసాలో ఇచ్చింది.

రెండో పూటకు మీగడ వేలెడు మందం కట్టింది. మూడో పూటకు టీ విరిగింది. నాలుగు ఈగలు పడి చచ్చాయి. వాటిని జీవుల కింద లెక్కించాలా వద్దా అని పరిశీలకుడు ఫోన్ చేసి కనుక్కున్నాడు. చచ్చాక అక్కర్లేదన్నారు.

బకెట్లో హెడ్ క్లర్కు పక్కకు ఒరగడం మొదలైంది. ఆవిడ రోజుకు మూడుసార్లు సగం సగం నీళ్లు మార్చింది. మేత చిటికెడు వేసి, బకెట్ పక్కనే గొంతుక్కూర్చుని చూసింది.

"పైనుంచి పడ్డా కదలట్లేదయ్యా," అంది.

టీ ఒక్క చుక్క కారలేదు. పదో రోజు పొద్దున యోగ్యతాపత్రం వచ్చింది, మూడు రంగుల ముద్రతో. 'ఈ తొట్టి టీ నిలవకు నిర్మాణపరంగా సురక్షితమని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. టీ కాక వేరే ద్రవము పోసినచో తొట్టి స్వాధీనము చేసుకొనబడును.' నీటి పరీక్షలో తప్పిన ఫలితం అలాగే ఉంది. దాన్ని కొట్టేసే నియమం మూడు వందల పద్నాలుగులో లేదు.

మేస్త్రీ పత్రం చదివాడు. బకెట్ కేసి చూశాడు. విరిగిన టీ అంతా గిన్నెలతో తోడి పారబోశాడు. తొట్టిని ఏడుసార్లు కడిగాడు. పట్టి ఉంచిన నీళ్లు పోసి, హెడ్ క్లర్కును రెండు చేతులతో ఎత్తి అందులో వదిలాడు. అది రాయిలా అడుక్కి జారింది. అరగంట అక్కడే ఉంది. తర్వాత తోక ఒకసారి ఆడించి, ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగడుగులూ ఈదింది. సర్వీసులో అంత దూరం అదెన్నడూ ప్రయాణం చేయలేదు. ఆవిడ ఆ పూట వంట మానేసి తొట్టి ముందే కూర్చుంది.

వారం దాటాక ఆకస్మిక తనిఖీ జరిగింది. (ఆకస్మిక తనిఖీ గురువారం ఉదయం పదకొండింటికని యాప్ మూడు రోజుల ముందే చెప్పింది. రెండుసార్లు గుర్తు కూడా చేసింది.) నాలుగడుగుల తొట్టిని దాచే చోటు ఆ ఇంట్లో లేదు. తేమ పరిశీలకుడు తన పాత కుర్చీ తనే లాక్కుని, పెన్ను తీశాడు.

"ఇందులో ఉన్నదేమిటి మేస్త్రీగారూ?"

మేస్త్రీ భార్య కేసి చూశాడు. ఆవిడ చేప కేసి చూసింది. నలభై రెండేళ్లు ఏ అద్దం గురించీ ఆయన అబద్ధం ఆడలేదు.

"టీ," అన్నాడు.

"రంగు లేదే?"

"మా ఆయనకు గట్టి టీ పడదు నాయనా," అందుకుంది ఆవిడ.

పరిశీలకుడు తలాడించి రాసుకున్నాడు. పది రోజులు నిజం చెప్పినా కాని పని ఒక్క మాటతో అయిపోయింది. అప్పుడు హెడ్ క్లర్కు అద్దం దగ్గరికి వచ్చి ఆయన మొహంలోకి చూసింది. ఆయనా దాని మొహంలోకి చూశాడు. ఒకే శాఖలో పనిచేసేవాళ్లలా కాసేపు ఒకరినొకరు పరిశీలించుకున్నారు. 'ద్రవములో తేలియాడు ఘనపదార్థము' అన్న గడిలో పరిశీలకుడు 'టీ ఆకు, ఒకటి' అని రాశాడు. కాస్త ఆలోచించి, 'పెద్దది' అని చేర్చాడు.

మేస్త్రీ వెళ్లి వీధి తలుపు తీసి పట్టుకున్నాడు. కానీ పానీయం నిలవ చేసే తొట్టి కాబట్టి నియమం 97 కింద నాణ్యత కూడా చూడాలట. పరిశీలకుడు జేబులోంచి చెంచా తీసి, తొట్టిలో ముంచి, కళ్లు మూసుకుని రుచి చూశాడు. నోట్లో అటూ ఇటూ తిప్పి, మింగాడు. నింపాదిగా చివరి గడి నింపి, ముద్ర వేసి, కాగితం మేస్త్రీ చేతికిచ్చాడు.

'టీ తృప్తికరము. చక్కెర లేదు. ఏడు రోజులలోగా కప్పుకు ఒకటిన్నర చెంచా చొప్పున కలుపవలెను.'