మా ఊరి వైన్ కనుగొనబడిన విధము

మా ఊరి వైన్‌ను మూడేళ్ల కిందట కనుగొన్నారు. అంతకు ముందు అది లేదు!

"మరి మీ తాతలు తాగిందేమిటయ్యా?" అని మీరు అడుగుతారు. అడగండి. తాగడం వేరు, కనుగొనడం వేరు. గార్దా సరస్సు పడమటి ఒడ్డున ఉన్న మా రివొలెత్తాలో, సోలారీ గుట్ట మీది ద్రాక్షను తరతరాలుగా తొక్కుతున్నాం, పులియబెడుతున్నాం, మధ్యాహ్నం భోజనంలోకి తాగుతున్నాం. కానీ అది అక్కడ ఉందన్న సంగతి ఒక్కరైనా గమనించామా? లేదు. దాహం తీరగానే బల్ల మీంచి లేచి పనికి పోయేవాళ్లం. అంత అజ్ఞానం!

మాకు కళ్లు తెరిపించిన పుణ్యం మిలాన్ పత్రికావిడది. ఆవిడ కారు మా సన్న రోడ్డులో గడ్డి ట్రాక్టరు వెనక గంటసేపు ఇరుక్కుపోయింది. దాహమేసి, గుట్ట మీది నివెస్ ఇంటి తలుపు తట్టింది. ఆ రోజు కుళాయి రాలేదు. నివెస్ ఏం చేస్తుంది? ఒక గ్లాసు వైన్ పోసిచ్చింది. మరుసటి నెల పత్రికలో నాలుగు పేజీలు: "సరస్సు దాచుకున్న రహస్యం!"

దాచిందెవరండీ? కూజాలో, బల్ల మీద, రొట్టె పక్కనే ఉందే! సరే, పెద్దవాళ్లు రాశారు. రహస్యమనే అనుకుందాం.

అప్పటి నుంచి మాకు కలిగిన మేలు అంతా ఇంతా కాదు. నివెస్ అల్లుడు ఫుల్వియో మిలాన్‌లో ప్రకటనల కంపెనీ ఉద్యోగం వదిలేసి వచ్చి, అత్తగారి నేలమాళిగలో దిగాడు. అందులో ఉన్నది ఒక్కటే వైన్. దాన్నుంచి ఆరు రకాలు తీశాడు! పై వరుస ద్రాక్ష వేరు, కింది వరుస వేరు, పొద్దుటి ఎండ తగిలేది వేరు, గుడి గంట వినపడేది వేరు. ఒకదానికి "మౌనం" అని పేరు పెట్టాడు. ఇంకొకదానికి "అమ్మమ్మ నీడ".

"బాబూ, నేనింకా బతికే ఉన్నాను కదా. నీడ ఒక్కదాన్నే అమ్ముతున్నావేం?" అని నివెస్ అడిగిందట.

"అత్తయ్యా, మీరు లేబుల్ మీద పట్టరు" అన్నాడట అల్లుడు.

ఊళ్లో ఆరోగ్యం ఎంత బాగుపడిందో చూడండి. పంట సీసాల్లోకి దిగకముందే ఓస్లో వాళ్లకీ, ఒసాకా వాళ్లకీ రిజర్వు అయిపోతుంది. మాకు చుక్క మిగలదు. అందరి రక్తపోటూ దిగింది. తాగి తూలినందుకు పాపసంకీర్తనం చెప్పుకునేవాళ్లే కరువయ్యారని మా ఫాదర్ ఎర్మెతె బాధపడుతున్నాడు. శనివారం సాయంత్రం రెండు గంటలు ఖాళీగా కూర్చోవాల్సి వస్తోందట, నడుం నొప్పి!

ఇక చదువు సంగతి. మా వైన్‌లో వయొలెట్ పూలు, పాత తోలు, తడి రాయి రుచులు ఉన్నాయని మాకు ఎప్పుడైనా తెలుసా? నివెస్ తమ్ముడు ఎలిసేయో పడవలు బాగుచేసే మనిషి, డెబ్భై ఒక్క ఏళ్లవాడు, ఏ మాటనీ ఊరికే నమ్మడు. ఫుల్వియో అచ్చువేసిన కరపత్రం చదివిన రోజే సరస్సు ఒడ్డుకు వెళ్లి, రాళ్లు ఏరి, తడిపి, ఒక్కొక్కటే నాకి చూశాడు. పదిహేడో రాయి దగ్గర భార్య ఎర్సిలియా పట్టుకుంది.

"ఏం చేస్తున్నావయ్యా?"

"వైన్ తాగుతున్నా."

"ఇంటికి రా. గోడ కూడా రాయే. నీడపట్టున కూర్చుని నాకు."

ఇన్ని లాభాల మధ్య ఒక్క చిన్న ఇబ్బంది వచ్చింది. అది జపమాల మాత పండుగ గురించి.

అక్టోబరు మొదటి ఆదివారం మాత స్వరూపాన్ని ఊరేగిస్తాం. తర్వాత గుడి వెనక పెరట్లో, తెల్లవారినప్పటి నుంచి చువ్వల మీద తిరుగుతున్న మాంసం, పొలెంతా అనే మొక్కజొన్న సంకటి వడ్డిస్తారు. అయితే ముందు ఒక పని జరగాలి. సోలారీ వైన్‌తో మొదటి గిన్నె ఊళ్లో అందరికంటే పెద్దవాళ్లకి అందాలి. ఆ గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎవరూ చెంచా ముట్టరు. కూజా మోసే పని ఎలిసేయో వాళ్ల వంశానిది. వాళ్ల నాన్న మోశాడు, తాత మోశాడు.

ఆ గిన్నె ఇప్పుడు తొంభై అయిదేళ్ల జైరా అవ్వది. డాక్టరు ఆవిడను ఏడాదికి ఒక్క గిన్నెకి మించి తాగొద్దన్నాడు. ఆ ఒక్కటీ మాత పండుగ రోజుకే అట్టేపెట్టుకుంది. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ దాని కోసం ఎదురుచూస్తుంది. పోయిన ఏడు పండుగకి పది రోజుల ముందు గుడి మెట్ల మీద ఎలిసేయో చెయ్యి పట్టుకుని, "సోలారీదే కదా నాయనా? వచ్చే ఏడు ఉంటానో లేదో" అంది. "సోలారీదే అవ్వా, మాట" అన్నాడు ఎలిసేయో.

మాటిచ్చేసి అక్క దగ్గరికి వెళ్లాడు, కూజా పట్టుకుని.

"లేదురా తమ్ముడూ" అంది నివెస్.

"కూజాడే కదే అక్కా!"

"చుక్కకి చుక్క రాసి పెట్టాడు అల్లుడు. నేనే నా వైన్ తాగి రెండేళ్లయింది. ఇదిగో, బజారులో కొన్న అట్టపెట్టె వైన్ తాగుతున్నా, చూడు." ఆ పెట్టె వంటింట్లో బియ్యం డబ్బా వెనక దాచుకుంది, అల్లుడి కంటపడితే పరువు పోతుందని.

"అయితే జైరా అవ్వకి నువ్వే చెప్పు."

నివెస్ కాసేపు కొంగులాగా ఏప్రన్ అంచు నలిపింది. తర్వాత గోడకేసి చూస్తూ అంది, "టేస్టింగ్‌కి అని రుచి చూడ్డానికి వచ్చినవాళ్లకి మాత్రం పోయాలి. వాళ్లు ఎవరైనా సరే. ఆదివారం అల్లుడు జర్మనీలో ఉంటాడు. నేనేం చెప్పలేదు."

ఎలిసేయో తిన్నగా ఫాదర్ ఎర్మెతె ఆఫీసుకు వెళ్లాడు. ఊళ్లో ఆయన దగ్గరే పని చేసే కంప్యూటరు ఉంది. టేస్టింగ్ ఫారంలో దేశం అడిగింది. ఇటలీ అని నొక్కితే "ఆరు నెలల తర్వాత ప్రయత్నించండి" అంది. ఫిన్లాండ్ అని నొక్కి చూశాడు. "స్వాగతం! ఆదివారం పన్నెండు గంటలకు" అంది.

"ఫాదర్, ఇది అబద్ధమవుతుందా?"

ఫాదర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు ఫిన్లాండ్ వాడివని ఎవరితోనైనా అన్నావా?"

"లేదు. నొక్కాను."

"నొక్కడం గురించి పది ఆజ్ఞల్లో ఏమీ లేదు. ఎంతమందికి నొక్కావు?"

"ఒక్కడికి."

"ఒక్కడి గుక్క గిన్నె అడుగుకైనా చాలదు. పన్నెండు నొక్కు. నేనూ వస్తా."

ఇలాంటి ధర్మసందేహం మీకు వస్తే ఏం చేసేవాళ్లు? నేనైతే ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆదివారం ఊరేగింపు ముగియగానే, బట్టలు మార్చుకునే వ్యవధి లేక, ఎలిసేయోతో కలిపి జపమాల సంఘం వాళ్లు పదిమంది తెల్ల అంగీలూ భుజాల మీద ఎర్రటి పైవస్త్రాలతోనే గుట్ట ఎక్కారు. మధ్యలో జైరా అవ్వ, కుర్చీతో సహా. వెనక ఫాదర్. టేస్టింగ్ గదిలో డచ్చివాళ్లు నలుగురూ, ఒక జపాన్ జంటా గ్లాసుల ముందు కూర్చుని ఉన్నారు. రుచి చూపించే అమ్మాయి పేరు జినెవ్రా, టూరిన్ నుంచి వచ్చింది, ఊళ్లో ఎవరినీ ఎరగదు. ఆమె ఇంగ్లీషులో ఏదో స్వాగతం చెప్పింది.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కంగారులో ఫాదర్, "ఆమెన్" అన్నాడు. మిగతావాళ్లు ఒక్క గొంతుతో, "ఆమెన్!"

"ఫిన్లాండ్‌లో ఇంత భక్తి ఉందని నాకు తెలియదండీ" అంది జినెవ్రా ఇటాలియన్‌లో, ముచ్చటపడి.

"ఏ దేశమంటోంది ఈ పిల్ల?" అంది జైరా అవ్వ.

"అరె, మీకు మా భాష భలే వచ్చే!"

"తొంభై నాలుగేళ్లుగా నేర్చుకుంటున్నా తల్లీ."

గ్లాసులు వచ్చాయి. ఒక్కో దాంట్లో రెండు వేళ్ల వైన్. తిప్పాలి, వాసన చూడాలి, నోట్లో పోసుకోవాలి, ఆపైన బకెట్‌లో ఉమ్మెయ్యాలి అని జినెవ్రా చేసి చూపించింది.

"పాడైపోయిందా?" అంది జైరా అవ్వ.

"లేదండీ, చాలా బాగుంటుంది."

"మరి ఉమ్మడం ఎందుకే?"

జినెవ్రా మాట మార్చి, ఇందులో మీకు ఏం కనిపిస్తోందని అవ్వనే అడిగింది. అవ్వ ముక్కు గ్లాసులో పెట్టింది. "కింది వరుస. ఆగస్టులో వడగళ్లు పడ్డాయి. నివెస్ భయపడి నాలుగు రోజులు ముందే కోసేసింది." జినెవ్రా వెంటనే పుస్తకం తీసి రాసుకుంది.

అంతలో నివెస్ జున్నుముక్కల పళ్లెంతో లోపలికి వచ్చింది. అంగీలో తమ్ముణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"వీళ్లు ఫిన్లాండ్ నుంచి వచ్చారమ్మా" అంది జినెవ్రా.

నివెస్ పళ్లెం దించింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "ఫిన్లాండా! అక్కడ చలి జాస్తి అటగా?"

"మా అక్క ఇంట్లో ఉన్నంత ఉండదమ్మా" అన్నాడు ఎలిసేయో.

తర్వాత జరిగింది చెప్పాలి. ఎలిసేయో అంగీ కిందనుంచి కూజా తీశాడు. అవ్వ తప్ప అందరూ లేచి, వరుసలో వచ్చి, తమ గ్లాసులూ, అవ్వ గ్లాసులూ అందులో ఒంపారు. "మౌనం" ఒంపారు, "అమ్మమ్మ నీడ" ఒంపారు, పై వరుస, కింది వరుస, పొద్దుటి ఎండ తగిలింది, గుడి గంట విన్నది, ఆరు రకాలూ ఒంపారు. నోరు తడుపుకున్నవాడు ఒక్కడు లేడు. జినెవ్రా చెయ్యి గుండె మీద పెట్టుకుంది. ఆమె చదువులో ఇది మహాపాపం.

ఎలిసేయో వెంట తెచ్చిన గిన్నె నింపి, రెండు చేతులతో అవ్వకి అందించాడు. మాట నిలబడుతుందో లేదో ఆయనకీ తెలియదు. సోలారీ వైన్ ఆరు ముక్కలయ్యాక అది సోలారీదేనా?

అవ్వ తాగింది. కళ్లు మూసుకుంది. మళ్లీ తాగింది. గిన్నె బోర్లించి చూపించింది.

"ఇదీ!" అంది. "మీ నాన్న చేసిందే. అన్నీ ఒకే తొట్టిలో వేసి తొక్కేవాడు."

నివెస్ గోడవైపు తిరిగి కళ్లు ఒత్తుకుంది. డచ్చివాళ్లు చప్పట్లు కొట్టారు. జపాన్ దంపతులు లేచి నిలబడి వంగి దణ్ణం పెట్టారు. అందరూ ఫోటోలు తీసుకున్నారు.

పాఠకులారా, ఇక్కడితో ఆపితే ఇది మంచి కథ. కానీ కనుగొనడం అంత తేలిగ్గా ఆగుతుందా?

ఆ ఫోటోలు ఫుల్వియో తిరిగి రాకముందే జర్మనీ చేరాయి. అతను కోప్పడతాడని అందరం భయపడ్డాం. కోపమా! పూలగుత్తి పట్టుకుని తిన్నగా జైరా అవ్వ ఇంటికి వచ్చాడు.

"అవ్వా, ప్రతి శనివారం, ఆదివారం మీరు వచ్చి ఇలాగే ఒక గిన్నె తాగాలి. జనం మీ కోసమే వస్తారు."

"ఏడాదికి ఒక్కటే అని డాక్టరుకి మాటిచ్చాను బాబూ."

"ఆ డాక్టరు పోయి పదకొండేళ్లయింది కదా అవ్వా!"

"ఆయన పోయాడు. మాట నా దగ్గరే ఉంది."

ఫుల్వియో మర్యాదస్తుడు. పూలు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. వేసవికల్లా గుట్ట దారిలో పెద్ద బోర్డు వెలిసింది: "జైరా అవ్వ మొదటి గిన్నె. రోజుకు నాలుగు సార్లు." తెల్ల అంగీల వాళ్లనీ పెట్టుకున్నాడు, చక్కగా, ఒకే ఎత్తువాళ్లని. మా సంఘంలో పొట్టివాళ్లు, బట్టతలలవాళ్లు ఎక్కువ, ఫోటోలకి బాగోదు. ఇది కూడా న్యాయమే కదా?

పైగా ఎంత ఉదారం! ఈసారి పండుగకి ఊరివాళ్లు వేరే దేశాలు నొక్కక్కర్లేదు, నేరుగా గేటు దగ్గరికే రండి, అవ్వ గిన్నె నిండా పోసి పంపుతాం అని కబురు చేశాడు. మేం నమ్మాం. మొన్న ఆదివారం ఊరేగింపు కాగానే ఎలిసేయో అవ్వ కుర్చీ ముందువైపు పట్టాడు, నేను వెనకవైపు పట్టాను. గుట్ట ఎక్కేసరికి ఇద్దరికీ ఊపిరి అందలేదు.

గేటు దగ్గర కొత్త అమ్మాయి, చేతిలో జాబితా.

"జైరా అవ్వని తీసుకొచ్చాం" అన్నాడు ఎలిసేయో.

అమ్మాయి జాబితా చూసింది, లోపలికి తొంగి చూసింది, జాలిగా నవ్వింది. "జైరా అవ్వ లోపలే ఉన్నారండీ. ఆట మొదలైంది. ఇప్పుడు ఎవరినీ పంపడానికి లేదు."

ఎలిసేయో ముఖం చూడలేకపోయాను. అవ్వ మాత్రం కుర్చీలో ముందుకు వంగి, ఎంతో ఆసక్తిగా అడిగింది.

"అవునా! వైన్ ఎలా ఉందంటోంది ఆవిడ?"

"ఆవిడ తాగరండీ. రోజుకు నాలుగు ఆటలు కదా, తట్టుకోలేరు. ద్రాక్షరసంలో నీళ్లు కలిపి ఇస్తాం."

అవ్వ వెనక్కి వాలి, శాలువా సర్దుకుని అంది.

"పాపం! అయితే అచ్చం నాలాగే ఉందన్నమాట."