రమ్ముతో కలిసిన చుట్టరికం

మారిషస్ దీవి చారిత్రకంగా మా ఊరిదేనని వాకాడు తీర సంస్కృతీ పరిరక్షణ సమితి ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సమితి అధ్యక్షుణ్ణి నేనే. తెలుగు లెక్చరరుగా రిటైరయ్యాక నా ఉపన్యాసాలు వినేందుకు మనిషి కావలసివచ్చి దాన్ని స్థాపించాను. ఆ మనిషి ఉపాధ్యక్షుడు జయరామయ్య. వరి పొలాలూ రొయ్యల గుంటలూ ఉన్నవాడు. మూడో సభ్యుడి కోసం అన్వేషణ కొనసాగుతోంది.

తీర్మానానికి కారణం ఒక సీసా.

నళిని పెంచల్ అనే ఆవిడ మారిషస్ నుంచి వచ్చింది. అక్కడి బడిలో తెలుగు చెబుతుందట. ఆమె ముత్తాత తండ్రి పెంచల్ తెల్లదొరల కాలంలో మా ఊరి నుంచి వెళ్లి ఓడెక్కి, ఆ దీవిలో ఒక ఎస్టేటులో చెరుకు కొట్టాడు. అతని పేరే వాళ్లకు ఇంటిపేరైంది. ఇప్పుడా పాతకాలపు ఎస్టేటు రమ్ముకు ప్రసిద్ధి. ఆయన పుట్టిన చోట నాలుగు చుక్కలు పోద్దామని ఆమె ఒక సీసా తెచ్చింది. చోటు కనుక్కోవడానికి మా సమితిని ఆశ్రయించింది.

పరిశోధన రొయ్యల గుంట గట్టుమీది షెడ్డులో ప్రారంభమైంది. నేలమీద పోయబోయే వస్తువు యోగ్యతను ముందుగా పరీక్షించడం సమితి బాధ్యత కనుక సీసా మూత తీయించాం. నళినే పోసి ఇచ్చింది. తను మాత్రం సోడా తాగింది.

మొదటి గుక్కకే నేను లేచి ప్రసంగించాను. ఇందులో బెల్లపు పాకం, పాత పీపాల సువాసన, రెండున్నర శతాబ్దాల సంస్కారం ఉన్నాయన్నాను. అంతవరకు నేనెరిగిన రమ్ము మిలటరీ క్యాంటీనుది, అదీ ఒక మాజీ సైనికుడి దయవల్ల. సీసా మీద స్తంభాల బంగళా బొమ్మ ఉంది. ఇలాంటి రమ్ము తీయించిన దొర ఎంత రసికుడోనని జయరామయ్య బొమ్మకు దండం పెట్టాడు. బంగళా వెనక చెరుకుతోటలో చీమల్లా కొందరు మనుషులున్నారని నళిని చూపించింది. వాళ్లను చూడాలంటే నాకు కళ్లజోడు కావాలి. అది ఇంట్లో ఉంది.

రెండో గ్లాసుకు పరిశోధన ఫలించింది. పెంచల్ తమ వంశంవాడేనని జయరామయ్య ప్రకటించాడు. భాగాల దగ్గర అలిగి ఇల్లు వదిలిన తాత ఒకాయన ఉన్నాడట. నేను ఊరుకుంటానా? మా వంశంలో ఒక పెంచలయ్య రంగూన్ వెళ్లాడు. రంగూన్‌కూ మారిషస్‌కూ మధ్య ఉన్నవి నీళ్లే కదా అని వాదించాను. సీసా దిగేకొద్దీ చుట్టరికం చిక్కబడింది. ఇద్దరం ఆమెకు పెదనాన్నలమయ్యాం. ఎవరు పెద్ద అన్నచోట కాస్త మాటా మాటా వచ్చింది.

"ఇంకేమన్నా గురుతులుంటే చెప్పు తల్లీ," అన్నాడు జయరామయ్య. "మీవోళ్లు ఏం చెప్పుకొనేవోళ్లు?"

నళిని పాఠ్యపుస్తకాల తెలుగులో, శ్రద్ధగా చెప్పింది. "మా పెంచల్ చెప్పులు కుట్టేవారు. కల్లు దుకాణంలో పెద్దల ముంతతో తాగారని చెట్టుకు కట్టి కొట్టారు. గాయాలు మానకముందే మద్రాసుకు నడిచి వెళ్లి ఓడెక్కారు. కొట్టినవారి ఇంటిపేర్లు రెండు. మా ఇంట్లో పిల్లలందరికీ నేర్పుతారు."

ఆ రెండు పేర్లూ చెప్పింది. ఒకటి జయరామయ్యది. రెండోది ఎవరిదో పాఠకులు గ్రహించే ఉంటారు.

పెంచల్‌కు మా రెండు వంశాలతోనూ సంబంధం ఉందన్న సమితి సిద్ధాంతం ఆ విధంగా రుజువైంది.

"మీవి కావు కదా?" అని అడిగింది.

"ఆ పేర్లవోళ్లు ఊళ్లో చానామంది ఉండారులే," అన్నాడు జయరామయ్య. ఊళ్లో ఉన్నవి మా రెండిళ్లే.

చెప్పులు కుట్టేవాళ్లుండేది ఊరవతల పాలెంలో గనక, అక్కడ ఆటో తోలే జడ్సన్‌కు నేనే ఫోన్ చేశాను. అతను వచ్చి, నళిని మళ్లీ చెప్పిందంతా షెడ్డు బయట నిలబడే విన్నాడు. కూర్చోమని అతనికి మేం ఎప్పుడూ చెప్పింది లేదు.

"మా అవ్వ చెప్పేదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "మా ముత్తాతకు అన్న ఒకడు ఓడెక్కి పోయినాడంట. మళ్లీ రాలేదంట. రామ్మా, ఇంటికి పోదాం."

నళిని అతని చేతులు రెండూ పట్టుకుంది. తర్వాత సీసా తీసుకుని, మమ్మల్ని కూడా రమ్మంది. నాకు షుగరుందని అప్పుడు గుర్తొచ్చింది. జయరామయ్యకు గుంటలో మోటారు గుర్తొచ్చింది.

జడ్సన్ గడప ముందు ఆమె మిగిలిందంతా నేలమీద పోసిందనీ, పాలెం ముసలివాళ్లు ఆమెను పట్టుకుని ఏడ్చారనీ, సెలవు అయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉండిపోయిందనీ తర్వాత తెలిసింది.

అది విన్నప్పటి నుంచి జయరామయ్యకు మనసు బాగాలేదు. అంత మంచి సరుకు మట్టిపాలైందని ఇప్పటికీ బాధపడుతున్నాడు. అధ్యక్షుడి హోదాలో ఖండించాలని నోరు తెరుస్తాను. నోట్లో ఇంకా ఆ రుచే ఉంటుంది.

మీరూ ఇంతదాకా చదివారు. "అయ్యో" అని మీకు అనిపించింది పెంచల్ దెబ్బల దగ్గరో, మట్టిపాలైన రమ్ము దగ్గరో, దయచేసి ఎవరికీ చెప్పకండి.