ప్యానెళ్ళ మధ్య పరాయి గొంతు

"ఈ పావగడ తాలూకాలో బుర్ర అనేది ఒక్కటే ఉండాది నందీషా! అది నా మెడ మీదుండాది!"

అట్లా ప్రకటించి, సగం దించిన నా షాపు షట్టరుకు ఆ బుర్రనే ఠంగుమని కొట్టుకోని లోపలికొచ్చినాడు డిటెక్టివ్ కదిరయ్య.

నాది క్యాతగానచెర్లులో జెరాక్సు, రీచార్జి షాపు. కదిరయ్య ఒకటో తరగతి నుంచి నా పక్కన కూర్చోని చదివినాడు. ఏ జన్మలో చేసుకున్న పాపమో! వాని భూమంతా సోలార్ ప్యానెళ్ళ కిందికి పోయింది. ఏటా బాడిగ వస్తాది, చేసేదానికి పని లేదు. అట్లాంటోళ్ళు కొందరు పేకాటలో పడినారు, కొందరు పంచాయితీ ఎలక్షన్లలో పడినారు. వీడు డిటెక్టివ్ అయినాడు. కాకులు నోరు తెరుచుకోని కూర్చునే ఎండలో ఉన్ని కోటు తొడుక్కోని తిరుగుతాడు. చేతిలో భూతద్దం ఒకటి. మొన్న మిట్టమధ్యాహ్నం దాంతో పెద్దతిమ్మప్ప శెనక్కాయ కట్టె వామిని పరిశీలిస్తా నిలబడినాడు. వామి భగ్గున అంటుకునింది. "నిప్పు పెట్టిన దుర్మార్గుణ్ణి సాయంత్రంలోగా పట్టిస్తా" అని పెద్దతిమ్మప్ప చేతిలో చెయ్యేసి మాటిచ్చినాడు. ఇంకా ఎతుకుతానే ఉండాడు.

"యాడన్నా కేసుండాదా?" అని అడిగినాడు, బొప్పి రుద్దుకుంటా.

"లేదు. కరెంటు కూడా లేదు. ఇంటికి పో."

సరిగ్గా అప్పుడే నీళ్ళ ట్రాక్టరు వచ్చి షాపు ముందర ఆగింది. ప్రతిభ దిగింది. దాని మొగం చూస్తేనే ఏదో జరిగిందని తెలిసింది.

ప్రతిభ మా చిన్నమ్మ ఓబమ్మ కూతురు. సోలార్ పార్కులో ప్యానెళ్ళు కడిగే నీళ్ళు తోలతాది. పట్టుబట్టి పెద్ద బండ్ల లైసెన్సు తీసుకునింది. ఇప్పుడు పోలండు దేశంలో లారీ నడిపే పని వచ్చింది. ఒక్క దేశంతో పోయేది కాదు. పొద్దున ఒక దేశంలో సరుకెత్తితే, సాయంకాలానికి ఇంకో దేశంలో దించాల. దారి చూపే జీపీఎస్ పెట్టె ఎవరిది వాళ్ళే తెచ్చుకోండి అని కంపెనీవాళ్ళు చెప్పినారు. బెంగళూరులో తెలిసిన షాపాయన మూడు పెట్టెలిచ్చి, "చూసుకోమ్మా, నచ్చింది పెట్టుకో, మిగిలినవి రేపు బస్సుకేసి పంపు" అన్నాడు.

ఇంతవరకూ బాగానే ఉండాది. అడ్డమంతా మా చిన్నమ్మ. మొగుడు పోయినాక ఉండేది ఈ బిడ్డ ఒక్కతే. "మాట తెలీని దేశంలో దారి తప్పితే ఎవర్ని అడుగుతావు మే? ఆ పెట్టె మీద నాకు నమ్మకం కుదిరితేనే పంపిస్తా. కుదరలేదంటే ఈ ట్రాక్టరే నీకు విమానం" అని తేల్చి చెప్పింది. ఈ పొద్దు సాయంకాలం తన మాట చెప్తానని కూడా అనింది.

"అన్నా, మూడు పెట్టెల్లో ఒకటి కనపడలా," అనింది ప్రతిభ. "నాకు నచ్చిందే పోయింది. ఇంట్లోనే పెట్టెను కాపాడుకోలేనిదానివి దేశాల్లో ఏం కాపాడుకుంటావు అంటాది మాయమ్మ. అంతే, నా పని అయిపోయినట్టే."

కదిరయ్య కళ్ళు మెరిసినాయి. కోటు గుండీలన్నీ బిగించినాడు. చెమట బొటబొటా కారింది.

"అంతర్జాతీయ పరికరం. అంతర్జాతీయ దొంగ. అంతర్జాతీయ డిటెక్టివ్!" అన్నాడు.

"నువ్వెప్పుడురా అంతర్జాతీయం అయినావు?"

"వారానికి రెండుసార్లు కర్ణాటక దాటి మడకశిరకు పోయొస్తాండ్లా? తుమకూరుకు పోవాలన్నా మధ్యలో ఆంధ్ర దాటాల్నా, వద్దా? సరిహద్దులు నాకు కొత్త గాదప్పా!"

ఏం చెప్తాం! వద్దన్నా ట్రాక్టరెక్కినాడు. మడ్గార్డు మీద కూర్చోని, ఎదురొచ్చిన ప్రతి మనిషినీ భూతద్దంలో చూస్తా వచ్చినాడు. వాళ్ళు వాణ్ణి మామూలు కళ్ళతోనే చూసి నవ్వుకున్నారు.

చిన్నమ్మ ఇంటి వాకిట్లో దిగీ దిగకముందే కిందికి వంగినాడు. "అడుగులు! తాజా అడుగులు! కుడికాలు రోంత ఈడ్చి నడిచే మనిషి!"

"అవి నీవే. ఇప్పుడే నడిచినావు."

"అయితే దొంగ నా చెప్పులే వాడినాడు. ఘటికుడు!" ఇంకో రెండడుగులేసి, నేల మీంచి నల్లటి గోలీలు కొన్ని ఏరి, వాసన చూసి, కాగితంలో పొట్లం కట్టి కోటు జేబులో పెట్టుకున్నాడు. "రసాయన పదార్థం. పరీక్షకు పంపించాల."

"గొర్రె పెంటికలన్నా అవి," అనింది ప్రతిభ.

"నేరస్థుడు నీకట్లా అనిపించాలనే చేసినాడమ్మా."

మిగిలిన రెండు పెట్టెలు మంచం మీదుండాయి. ప్రతిభ పాపం ఓపిగ్గా చెప్పింది. ఒకదాంట్లో ఆ దేశాల మ్యాపులన్నీ ఉండాయి గానీ అది కార్లది. లారీ ఎత్తు అడగదు, బరువు అడగదు. పొట్టి వంతెన కిందికి తీసకపోయి ఇరికిస్తాది. రెండోది అద్దం పెద్దది గానీ, సరిహద్దు దాటినప్పుడల్లా నెట్టు పెట్టి కొత్త మ్యాపు దించుకోవాల. పోయిన పెట్టెలో ఆ దేశాలన్నీ ముందే ఉండాయి, నెట్టు అక్కర్లా, లారీ ఎత్తూ బరువూ చెప్తే సరిపోయే దారే చూపుతాది. భాష అలవాటు కావాలని దాన్ని పోలండు భాషలో పెట్టుకునింది. వార్సా అనే వాళ్ళ పెద్ద ఊళ్ళో బండి పోతా ఉన్నట్టు అది ఉత్తుత్తిగా దారి చెప్పుకుంటా ఉంటే, వింటా పని చేసుకునేదంట.

"అర్థమైంది," అన్నాడు కదిరయ్య. అంటే ఏమీ కాలేదని. కారు పెట్టె చేతిలోకి తీసుకోని, మీట నొక్కి, "చెప్పు! నీ తోడుదొంగ యాడుండాడు?" అని గద్దించినాడు.

"టర్న్ రైట్," అనింది పెట్టె, ఇంగ్లీషులో.

కుడికి తిరిగినాడు. గోడ. ఆ పొద్దుకు రెండో బొప్పి.

ఆ చప్పుడుకు చిన్నమ్మ బయటికొచ్చింది. ప్రతిభ అప్పటికే పెరట్లోకి ఎతికేదానికి పోయింది.

"సాక్షి ఓబమ్మ గారూ! ఇట్లా నిలబడండి."

"గారు అంటా ఉండావు, జొరమొచ్చిందా ఏందిరా? ఆ పెట్టె సంగతి గదా, నేను..."

"ఆగండి! అడిగినప్పుడే జవాబు!"

"సరే, అడగరా."

"పెట్టె మాయమైనప్పుడు మీరు యాడుండారు?"

"అదే చెప్తా ఉండాగదరా, మధ్యాహ్నం దాన్ని..."

"ఆగండి! గోడలకు చెవులుంటాయి. ముద్దాయి వింటే పారిపోతాడు. గుసగుసగా చెప్పండి."

"ఓరి నీ తెలివి మంటగలవ! చెప్పేది యిననోనికి చెప్పేదేముండాది?" అని చిన్నమ్మ కొంగు విదిలించి, సంగటికి ఎసరు పెట్టేదానికి లోపలికి పోయింది. నేనన్నా వెనకాల పోయి అడిగి ఉంటే కథ ఆడికే అయిపోయేది. వీడు నా కాలరు పట్టుకోని అప్పటికే పార్కు గేటు దిక్కు లాగుతా ఉండాడు. నేరస్థుడు ఎప్పుడూ విశాలమైన చోటే దాక్కుంటాడంట. యాడ చదివినాడో!

గేటు కాడ వాచ్‌మన్ గంగాధరప్ప కుర్చీ బయటేసుకోని కూర్చోని ఉండాడు. మనిషి బెదిరినట్టుండాడు.

"లోపల ఎవురో ఆడమనిషి మాట్లాడతా ఉండాదప్పా," అన్నాడు. "తెలుగు గాదు, కన్నడ గాదు, హిందీ గాదు. ఒకసారి ఈ పక్క ఇనపడతాది, ఇంకోసారి ఆ పక్క. పోయి చూస్తే మనిషి లేదు. నాకు ఇంట్లో పెండ్లాం బిడ్డలుండారప్పా, నేను మళ్ళీ పోను."

కదిరయ్య నా భుజం పట్టుకున్నాడు. "విదేశీ గూఢచారిణి! ఎందుకొచ్చిందో తెలుసునా? మన ఎండ కోసం! వాళ్ళ దేశాల్లో ఎండ లేదు నందీషా. మనది ఎత్తకపోయే కుట్ర!"

"ఎట్ల ఎత్తకపోతారురా, గోనెసంచుల్లోనా?"

"అదే కనిపెట్టాల." కారు పెట్టె పైకెత్తి చూపినాడు. "ఇది చేతిలో ఉన్నంతవరకు నేను దారి తప్పే ప్రసక్తే లేదు. నువ్వు ఈడనే ఉండి ఫోను తీస్తా ఉండు."

అందులో మన దేశం మ్యాపు లేదురా నాయనా అని చెప్పేలోగా ప్యానెళ్ళ సందులోకి దూరినాడు. మా పార్కు సంగతి తెలీనోళ్ళకు చెప్పాల. కంటికి ఆనినంత దూరం ప్యానెళ్ళే. ఒక వరస చూస్తే అన్ని వరసలూ చూసినట్టే. సొంత భూమి యాడుండెనో దాని ఆసామికే గుర్తు తెలీదు. నేను గంగాధరప్ప దగ్గర కుర్చీ ఇంకోటి అడిగి తీసుకోని కూర్చున్నా.

రోంత సేపటికి ఫోనొచ్చింది.

"నందీషా, నేను యాడుండానో చెప్పను. రహస్యం."

"నీకు తెలుసునా?"

"తెలీదు. అందుకే రహస్యం."

"చుట్టూ ఏముండాది?"

"ప్యానెళ్ళు."

"ఇంకా?"

"ఇంకా ప్యానెళ్ళు."

"చేతిలో పెట్టె ఏమంటాది?"

"అంతా నీలంగా చూపిస్తా ఉండాది. నేను సముద్రంలో ఉండా అనుకుంటా." గొంతు తగ్గించినాడు. "ఉష్! ఇనపడతా ఉండాది. ఆ ఆడగొంతే! అబ్బా, ఎంత నెమ్మదిగా, ఎంత కుట్రగా మాట్లాడతాదో! దగ్గరికొస్తా ఉండాది. కాళ్ళ చప్పుడు... ఒకటి, రెండు, మూడు, నాలుగు... నాలుగు కాళ్ళు! ఇద్దరుండారు నందీషా! చేతులు పైకెత్తండి! కదిరయ్య చేతికి చిక్కినారు! ఏయ్, తల దించుకోని యాల వస్తా ఉండావు? మర్యాదగా నిలబడు, నేనెవరో తెలుసునా, నే..."

ధబ్‌మని ఒక చప్పుడు. ఫోను కట్టయింది.

నాకు భయమైంది. ఎంత పిచ్చోడైనా చిన్ననాటి నేస్తుడు గదా! గంగాధరప్పా నేనూ చెరో పక్క ఎతికినాం, గొంతు పోయేటట్టు కేకలేసినాం. యాడా లేడు. పొద్దు వాలతా ఉండాది. ఇంక నలుగుర్ని పిల్చుకొద్దామని చిన్నమ్మ ఇంటికాడికి పరిగెత్తినా.

వాకిట్లో అడుగు పెట్టినానో లేదో, వెనకాల గంట చప్పుడైంది. చిన్నమ్మ నల్లపొట్టేలు దర్జాగా నడుచుకుంటా వచ్చింది. దాని మెడలో గంట, గంట పక్కన గుడ్డసంచి, సంచిలోంచి ఒక ఆడగొంతు అర్థం కాని భాషలో చక్కగా ఏదో మనవి చేసుకుంటా ఉండాది. పొట్టేలు తోక పట్టుకోని, కోటు వెనకభాగం పోగొట్టుకోని, కుంటుకుంటా కదిరయ్య.

"ముఠా నాయకుణ్ణి ప్రాణాలతో పట్టుకొచ్చినా!" అని అరిచినాడు. "నన్ను కుమ్మింది. పడినా. పడి తోక పట్టుకున్నా. ఎంత లాగినా వదల్లా!"

ఎవురు ఎవర్ని పట్టుకొచ్చినారో చూసేవాళ్ళకు తెలస్తానే ఉండాది. ప్రతిభ పరిగెత్తుకోనొచ్చి సంచి విప్పింది. పోయిన పెట్టే! ఆఖరి మాటొకటి చెప్పి, చార్జి అయిపోయి ఆరిపోయింది.

"నేనే కట్టినా," అనింది చిన్నమ్మ గడపలో నిలబడి. "చెప్తామంటే ఈడు చెప్పనిస్తేనా?"

"యాల కట్టినావు చిన్నమ్మా?"

"మధ్యాహ్నం గొర్రెల్ని పార్కులోకి తోలతానా, సాయంకాలం అన్నీ వస్తాయి, ఇదొకటి రాదు. ఆ వరసల్లో పడి తప్పిపోతాది. రోజూ పొద్దుగూకే యేళకు నేనే పోయి, ఎతికి తోలుకొస్తా. అట్లాంటి పొట్టేల్ని ఇంటికి తెచ్చే పెట్టె అయితే, నా బిడ్డనూ తెస్తాదిలే అనుకుంటి. అందుకే కట్టి తోలినా. ఈ పొద్దు నేను పోనే పోలా." చిన్నమ్మ మొగం వెలిగిపోతా ఉండాది. "తెచ్చింది గదా! పోవే ప్రతిభా, నాకు నమ్మకం కుదిరింది."

"నన్ను కూడా తెచ్చింది," అన్నాడు కదిరయ్య. "అది సామాన్యం గాదు."

అబ్బ, గట్టెక్కినాం రా దేవుడా అనుకున్నా. ప్రతిభ నా దిక్కు చూసింది. నోరు మూసుకో తల్లీ అని కళ్ళతోనే మొక్కినా. వినలా.

"మా, నీతో అబద్ధం చెప్పి నేను పోలేను," అనింది. "ఆ పెట్టెలో మన దేశం మ్యాపే లేదు. మధ్యాహ్నం నుంచి అది వార్సాలో దారి చెప్తా ఉండాది. పొట్టేలికి అది ఏ దారీ చూపలా."

ఈసారి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది నాకు.

"మరి ఎట్లొచ్చింది?" అనింది చిన్నమ్మ.

"ఏమో మా. అదే వచ్చింది."

చిన్నమ్మ అరుగు మీద కూలబడింది. పొట్టేలు తన పాటికి తాను తొట్టిలో మూతి పెట్టి నీళ్ళు తాగతా ఉండాది. దాన్నే చూస్తా కూర్చునింది. అయిపోయింది, ట్రాక్టరే విమానం అనుకున్నా.

"ఇన్నాళ్ళూ నేను పోకపోతే రాదనుకుంటి," అనింది కడాకు, తనలో తాను అనుకున్నట్టు. "ఈ పొద్దు పోలా. అయినా వచ్చిందే!"

కదిరయ్య ఏదో అనబోతే వాని కాలు గట్టిగా తొక్కినా.

"ఏ పెట్టె తీసుకుంటావు మే?"

"ఇదే మా. ఇదైతేనే లారీకి సరిపోతాది."

"ఇదే తీసుకో. మాట అర్థం కాకపోయినా, గొంతులో మర్యాద ఉండాది. ఊరుగాని ఊళ్ళో కసురుకోకుండా చెప్పే తోడొకటి ఉండాల." కొంగుతో ముక్కు తుడుచుకోని, పెట్టెకు అంటిన గొర్రెబొచ్చు ఒక్కొక్కటే ఏరేసి, బిడ్డ చేతిలో పెట్టింది. "పో. కానీ ఒకటి చెప్తా ఉండా. అంత దూరం నేను ఎతుక్కుంటా రాలేను. నువ్వే రావాల."