నూరు డిగ్రీల నీళ్ళు

కొండ మీది ఆ బడిలో కొత్త సైన్సు టీచరు ఆ ఉదయం అనుకున్నది ఒక్కటే. మధ్యాహ్నం తనిఖీ అధికారి ముందు నీళ్ళు మరిగించి చూపించాలి. ఆయన సరేనంటే ఉద్యోగం ఖాయం, లేదంటే పెట్టె సర్దుకోవాలి. ముందొకసారి చూసుకుందామని కుళాయి నీళ్ళు పట్టి స్టవ్ మీద పెట్టింది. నీళ్ళు తెర్లుతున్నాయి. థర్మామీటరు తొంభై ఏడు దగ్గర ఆగింది.

ఇంకో థర్మామీటరు పెట్టింది. అదీ తొంభై ఏడే.

హెడ్మాస్టరు వచ్చి గోడ మీది పటం చూపించాడు. "నూరని రాసుంది కదమ్మా. ఇరవై ఏళ్ళుగా పిల్లలూ నూరనే రాస్తున్నారు. మీరొచ్చిన ఏడాదే నీళ్ళు బుద్ధి మార్చుకున్నాయా?"

"ఇంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువండి, ముందే మరుగుతాయి. సూత్రం తప్పు కాదు. దానికో హద్దుంది, అది పటంలో రాయలేదంతే."

"హద్దులూ గిద్దులూ ఆయన ముందెందుకు? నూరు చూపించండి, చాలు."

ఆమె క్లాసుకు వెళ్ళగానే ముసలి అటెండరు పాత్రలో కొత్త నీళ్ళు పోసి, ఐదు పెద్ద చెంచాల ఉప్పు కలిపాడు. ఉప్పు నీళ్ళు కాస్త ఆలస్యంగా మరుగుతాయని పాత మాస్టారు నేర్పిన ఉపాయం అది. ఇన్నేళ్ళూ ఆ నూరును తెచ్చింది అదే. అతను వెళ్ళాక హెడ్మాస్టరు తలుపు వేసుకుని మరో ఐదు కలిపాడు. ఆ ఉపాయం తనకొక్కడికే తెలుసనుకున్నాడు.

అధికారి వచ్చాడు. పాదరసం తొంభై ఏడు దాటింది. నూరు దగ్గర హెడ్మాస్టరు నవ్వాడు. నూట మూడు దగ్గర పాదరసమూ, నవ్వూ ఆగాయి.

"ఇదేంటమ్మా, కొత్తగా కనిపెట్టారా?" అన్నాడు అధికారి, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"మా బడిలో ఏదైనా ఓ మూడు ఎక్కువేనండి," అన్నాడు హెడ్మాస్టరు.

టీచరు పాత్ర అంచున తెల్లగా పేరుకున్నదాన్ని చూసింది. థర్మామీటరు పాడైందంటే సరిపోయేది. "నా లెక్కకు తొంభై ఏడే రావాలండి. రాలేదు కాబట్టి సూత్రం పోయిందనను. ముందు నీళ్ళను అనుమానిస్తాను," అంది. ఆ నీళ్ళు పారబోసి, ఆయన ఎదుటే కుళాయి నీళ్ళు పట్టి మరిగించింది. తొంభై ఏడు.

"మరి ఇందాకటివి?"

"ఐదు చెంచాల ఉప్పేశానయ్యా," అన్నాడు అటెండరు తల దించుకుని. "అమ్మాయి ఉద్యోగం పోతుందని."

"ఐదుకు నూరే రావాలిగా," అనేశాడు హెడ్మాస్టరు.



అధికారి నివేదికలో రెండే వాక్యాలు రాశాడు. టీచరు ఉద్యోగం ఖాయం చేయవచ్చు. హెడ్మాస్టరును మరో ఏడాది గమనించి చూడాలి.