పేరు రాయించుకున్నాక మళ్లీ వచ్చిన పిల్ల

మా కేసర్‌గంజ్‌లో ప్రతిభావంతుల పలాయన నిరోధక మహాసభ దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. షామియానా, కుర్చీలు, మైకు లల్లన్ టెంట్ హౌస్ వారివి. లల్లన్ అంటే నేనే. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి కాబట్టి ఇలాంటి సభల్లో నా చోటు వేదిక వెనకాల. వేదిక మీద కూర్చున్నవాళ్లు ఏ తరగతిలో మానేశారో అడిగే ఆచారం మా బీహారులో లేదు.

ముఖ్య అతిథి మంత్రిగారు. కూతుర్ని బెంగళూరు కాలేజీలో దింపి, విమానాశ్రయం నుంచి నేరుగా సభకే వచ్చారు. ప్రయాణ బడలికను లెక్కచేయకుండా మైకు అందుకున్నారు.

"ఒకప్పుడు ప్రపంచమంతా చదువుకోసం ఈ నేలకు నడిచి వచ్చింది! ఇవాళ మన బిడ్డలు చదువుకోసం ఈ నేల విడిచి పోతున్నారు. ఎందుకు పోతున్నారు? నేను అడుగుతున్నాను, ఎందుకు?"

సభలో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకూడదన్న మర్యాద మావాళ్లకు తెలుసు.

"బిడ్డలారా! మీ మంత్రి చేతులు జోడించి వేడుకుంటున్నాడు. ఇక్కడే ఉండండి. ఇక్కడే చదవండి!"

చప్పట్లకు నా షామియానా గుంజలు కదిలాయి. ఆ చప్పట్లలోనే ఒక పొరపాటు జరిగిపోయింది. ఇంటర్లో జిల్లాకు మొదటిగా వచ్చి, శాలువా కప్పించుకుని ముందు వరసలో కూర్చున్న రిమ్‌ఝిమ్ కుమారి అనే పిల్ల, చప్పట్లు కొట్టాల్సిన మాటను ఆచరించాల్సిన మాట అనుకుంది.

ఆ పిల్ల తండ్రి బిందేశ్వర్ సాహ్ బజార్లో సత్తుపిండి అమ్ముతాడు. కూతురికి ఢిల్లీలో పేరున్న కాలేజీలో సీటొచ్చింది. నెలాఖరులోగా వెళ్లి చేరాలి, లేకపోతే సీటు పోతుంది. పిల్లకేమో భౌతికశాస్త్రం చదవాలి, ఈ ఊళ్లోనే చదవాలి, చదివి ఈ ఊళ్లోనే చెప్పాలి అని పిచ్చి. మంత్రిగారే వేడుకున్నాక ఆ పిచ్చికి పట్టపగ్గాలు లేవు. ఊళ్లో కాలేజీకి వెళ్లి పేరు రాయించుకుంది.

మా దగ్గర కాలేజీలో చేరడం అనరు. పేరు రాయించుకోవడం అంటారు. పేరు కాలేజీలో ఉంటుంది, మనిషి తన పని తాను చూసుకోవచ్చు. ఢిల్లీలో పోటీ పరీక్షలకు కూర్చోవచ్చు, లూధియానాలో స్వెటర్లు అల్లవచ్చు, పెళ్లి చేసుకుని బిడ్డల్ని ఎత్తుకోవచ్చు. ఇక్కడ పేరు మాత్రం బుద్ధిగా చదువుకుంటూ ఉంటుంది. మూడేళ్ల డిగ్రీని మా విశ్వవిద్యాలయం ఐదేళ్లదాకా ఇస్తుంది. పై రెండేళ్లు ఉచితం.

అందుచేత రిమ్‌ఝిమ్ పేరు రాయించుకోవడం మీద ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఆ పిల్ల మర్నాడు పుస్తకాలు పట్టుకుని మళ్లీ వచ్చింది. గొడవంతా అక్కడ మొదలైంది.

ప్రిన్సిపాల్ కామేశ్వర్ బాబు వరండాలో ఫ్యాను కింద అరచేతిలో ఖైనీ పొగాకు నలుపుకుంటున్నారు. కాలేజీలో దాచుకున్న నా గుండిగలు తీసుకుపోదామని వచ్చి నేనూ అక్కడే ఉన్నాను.

"ఏం బిటియా, రసీదులో తప్పు పడిందా?"

"లేదు సర్. క్లాసుకి వచ్చాను."

"ఎవరి క్లాసుకి?"

"నా క్లాసుకే."

కామేశ్వర్ బాబు నావైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను.

"పేరు రాశారు కదా?"

"రాశారు సర్."

"రసీదు ఇచ్చారు కదా?"

"ఇచ్చారు."

"మరింకేం కావాలి తల్లీ?" అని, గొంతు తగ్గించి, "ఇంట్లో ఏమైనా గొడవైందా?" అన్నారు.

కాలేజీ ఖాళీగా పడి ఉంటుందనుకునేరు. ఒక నెల పరీక్షా కేంద్రం, ఇంకో నెల ఓట్ల లెక్కింపు, ముహూర్తాల రోజుల్లో మగపెళ్లివారి విడిది, గండక్ నది పొంగితే వరద బాధితుల శిబిరం. ప్రజాసేవలో ఇంతగా మునిగిన సంస్థకు పాఠాలంటే తీరికెక్కడిది? భౌతికశాస్త్ర ప్రయోగశాలలో నా సామాను ఉంటుంది. అలాగని అక్కడ శాస్త్రానికి లోటేమీ లేదు. ఎత్తుగా పేర్చిన కుర్చీలు కిందపడి భూమ్యాకర్షణ సిద్ధాంతాన్ని ఎప్పటికప్పుడు రుజువు చేస్తుంటాయి.

ఫిజిక్స్ ఆచార్యులు అవధేశ్ బాబు గొప్ప గురువు. ఎదుటి సందులో ఆయన సొంత కోచింగ్ కేంద్రంలో ఆయన పాఠానికి కిటికీలు పట్టుకుని వేలాడతారు. కాలేజీలో కూడా అంత బాగా చెబుతారనే నా నమ్మకం. రిమ్‌ఝిమ్ ఆ సందుకే వెళ్లి అడిగింది.

"చెప్తానమ్మా, చెప్పనంటానా? అయినా ఒక్కదానికి చెబితే ఏం బాగుంటుంది? మిగతావాళ్లను కూడా పట్టుకురా" అన్నారాయన.

ఆ పిల్ల నిజంగానే ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. దాంతో విద్యార్థి నాయకుడు గుడ్డూ భయ్యా రంగంలోకి దిగాడు. అతని తల నెరిసింది గానీ పేరు ఇంకా రెండో సంవత్సరంలోనే ఉంది.

"దీదీ, నువ్వొస్తే హాజరు పట్టీ తెరుస్తారు. హాజరు పట్టీ తెరిస్తే ఢిల్లీ, లూధియానాల నుంచి మావాళ్లంతా ఏ రైలు పట్టుకుని రావాలి? నువ్వొక్కదానివి చదువుకోడానికి ఇంతమంది కడుపు కొడతావా?"

"మీరు కూడా వచ్చి కూర్చోండి భయ్యా."

"చూశారా, బెదిరిస్తోంది!" అన్నాడు గుడ్డూ అనుచరులతో.

మర్నాడు 'హాజరు జులుం నశించాలి' అంటూ ఊరేగింపు. మైకు నాదే. యాజమాన్యం వెంటనే స్పందించి విచారణ సంఘాన్ని వేసింది. సంఘం నివేదికలో ఇలా ఉంది: 'సదరు విద్యార్థిని అనుమతి లేకుండా తరగతి గదుల వద్ద తరచుగా సంచరించుచు, కళాశాలలో చిరకాలముగా నెలకొనియున్న ప్రశాంత వాతావరణమునకు భంగము కలిగించినది.' నా జీవితంలో ఇంత నిజాయితీగల నివేదిక వినలేదు.

నెలాఖరు దగ్గరపడింది. బిందేశ్వర్ కూతుర్ని వెంటబెట్టుకుని నా దుకాణానికి వచ్చాడు.

"లల్లన్ భాయ్, నువ్వైనా చెప్పు. అక్కడ సీటు పోతే ఇది రెంటికీ చెడుతుంది. నా మాట వినదు, వాళ్లమ్మ మాట వినదు. మంత్రిగారు చెప్పారంటుంది!"

"ఆయన చెప్పారు కదా చాచా" అంది రిమ్‌ఝిమ్.

"పిచ్చి తల్లీ, నా మైకులో ఎంతమంది ఎన్నెన్ని చెప్పలేదు! వినలేక ఆ మైకే మధ్యమధ్యలో కీచుమంటుంది. నువ్వు నమ్మేశావా?"

"మరి అందరూ చప్పట్లు కొట్టారుగా. మీరు కూడా కొట్టారు. నేను చూశాను."

"అందరూ కొడుతుంటే చేతులు ముడుచుకుని కూర్చుంటామా బిటియా?"

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. భౌతికశాస్త్రంలో ఏదో కొత్త సంగతి తెలిసినట్టుగా చూసింది. తర్వాత తండ్రి వైపు తిరిగి, "టికెట్ తీయండి బాబూజీ" అంది.

స్టేషన్‌లో ఆ రోజు ఎంత జనం! విచారణ సంఘం మొత్తం పూలదండలతో వచ్చింది. "జిల్లా ముద్దుబిడ్డ రిమ్‌ఝిమ్ దీదీ జిందాబాద్!" అని గుడ్డూ భయ్యా గొంతు పగిలేలా అరిచాడు. ఊరు విడిచి వెళుతున్న ఆడబిడ్డను ఎలా సాగనంపాలో మాకు ఒకరు నేర్పక్కర్లేదు. కామేశ్వర్ బాబు అయితే కళ్లు తుడుచుకున్నారు.

"పేరు గురించి బెంగ పెట్టుకోకు తల్లీ. దాన్ని ఇక్కడ కంటికి రెప్పలా చూసుకుంటాం. హాజరు నూటికి నూరు వేయిస్తాను."

ఆయన వెనకే అవధేశ్ బాబు, నెత్తిమీద ట్రంకు పెట్టెతో కూలీ, కూలీ వెనక అవధేశ్ బాబు కొడుకు.

"మావాడిదీ ఇదే బోగీ అమ్మా. అక్కడే పేరు రా... అక్కడే చేరుతున్నాడు. ఫిజిక్స్‌లో కాస్త వెనకబడ్డాడు. దారిలో నాలుగు ముక్కలు చెబుదూ."

"మీరే చెప్పొచ్చు కదా సర్?" అంది రిమ్‌ఝిమ్.

"నేను చెబితే వింటాడా? అయినా ఈ ఊళ్లో చదువెక్కడుందమ్మా!"

ఆ పిల్ల జరిగి కుర్రాడికి కిటికీ పక్కన చోటిచ్చింది. రైలు కదిలింది. బిందేశ్వర్ ప్లాట్‌ఫాం చివరిదాకా దానితో పాటు నడిచాడు.

రైలు మలుపు తిరిగాక చూసుకుంటే, చదువు మీద ఆశ ఉన్నవాళ్లు అందులో వెళ్లిపోయారు. జిల్లాను నడిపించాల్సినవాళ్లం ఇవతల మిగిలాం. ఒకరి భుజం ఒకరం తట్టుకుని, ఇలాంటి ఆణిముత్యాలు చేజారిపోతున్నందుకు బాధపడుతూ, టీ తాగడానికి బయల్దేరాం.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. మీవాడి రైలు ఎన్నింటికో చెప్పండి, దండ పట్టుకొస్తాం.